ప్రయోగశాల చదువు: చిత్తు పుస్తకము, సాపు పుస్తకము



తెలుగు పండితుడు భౌతికశాస్త్ర ప్రయోగశాలను గూర్చి ప్రసంగించుట చూచి మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుట న్యాయమే. నేను చదివినవి కావ్యములు, వ్యాకరణము, కొంత తర్కము. ఉద్యోగము చేసినది ఉన్నత పాఠశాలలో, 31 సంవత్సరములు. ప్రయోగశాల యనగా మా బడిలో సంవత్సరము పొడుగునను తాళము వేసియుండిన యొక గది. తనిఖీదారులు వచ్చు దినములయందు మాత్రము దానిని ఊడ్పించెడివారము. అట్టి నేను ఈ విషయమును చేపట్టుటకు కారణ మొకటి గలదు. మా చెల్లెలి కుమార్తె రెండేండ్లు మా యింట నుండి విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రములో ఎం.ఎస్‌సి. చదివినది. ఆ చదువులో నన్నిటికంటె కఠినమైన ప్రయోగశాలాభ్యాసము ఆమె కెట్లు నడచినదో, ముగిసిన పిదప ఆమెచేతికి మిగిలిన దేమో, నేను ప్రక్కనుండి చూచితిని. చూచుటయే గాక, నడుమ నొక తప్పు సలహా కూడ నిచ్చితిని. దానిని దాచక చెప్పెదను.

ఆ చదువులో గ్రంథపాఠము లొక యెత్తు, ప్రయోగము లొక యెత్తు. మూడవ షణ్మాసమున వారమునకు రెండు దినములు, దినమునకు నాలుగేసి గంటలు ప్రయోగశాలలో నిలువవలెను. కూర్చుండుటకు పీట లుండును గాని కూర్చుండుట కవకాశ ముండదు. అయస్కాంతముల నడుమ దీపకాంతి రేఖ చీలుటను చూచు జీమన్ ప్రయోగము, లోహపు రేకులో ప్రక్కవాటుగ పుట్టు వోల్టేజిని కొలుచు హాల్ ప్రయోగము, మైకెల్సన్ అద్దముల యమరిక, గైగర్ గొట్టము, నూనెబొట్టు, ఇట్టివి ఎనిమిది. ఒక్కొక్కదానికి రెండు మూడు వారములు గడువు. యంత్రములు పాతవి, ఒకటి పనిచేసిన నొకటి మొండికెత్తును. సాయంకాలము ఇంటికి వచ్చునప్పటికి ఆ పిల్ల ముఖము వాడి యుండెడిది. అన్నము తినుచునే అంకెలు గొణుగుకొనుచుండెడిది.

విద్యార్థులకు రెండేసి పుస్తకము లుండును. ఒకటి అబ్జర్వేషను పుస్తకము. యంత్రము నెదుట నిలిచి చూచినది చూచినట్లు అప్పటికప్పుడు వ్రాయునది. రెండవది రికార్డు పుస్తకము. ఇంటికి వచ్చి చక్కని దస్తూరితో, గీతలు గీసి, బొమ్మలు వేసి, తప్పులు లేకుండ వ్రాయునది. మా కాలపు మాటలలో మొదటిది చిత్తు, రెండవది సాపు. మార్కులు సాపునకే. చిత్తు పుస్తకమును పరీక్ష ముగిసిన మఱునాడు పాతకాగితముల వానికి అమ్ముకొందురు. ఈ చిత్తునకును సాపునకును నడుమ ఒక సన్నని సందు గలదు. ప్రయోగశాల చదువులోని సత్యాసత్యములన్నియు ఆ సందులోనే నడచుచుండునని నాకు తరువాత తెలిసినది.

మొదట ఆమె చేసినది గైగర్ గొట్టపు ప్రయోగము. దానిని గూర్చి క్లుప్తముగ చెప్పెదను. రేడియోధార్మిక పదార్థపు తునక నొకదానిని గొట్టము క్రింద నుంచి నిమిషమునకు ఎన్ని దెబ్బలు వినబడునో లెక్కించుట. మొదటి నిమిషమున 412, రెండవ నిమిషమున 389, మూడవ నిమిషమున 431 వచ్చినవి. తునక కదలలేదు, గొట్టము కదలలేదు. "మామయ్యా, ఇందులో ఏది సరియైనదో చెప్పుడు" అని నన్నడిగినది. నేను 31 ఏండ్లు మార్కులు వేసినవాడను. మూడు జవాబులు వేఱువేఱుగ నుండిన యెడల రెండైనను తప్పై యుండవలెనని నా సంస్కారము. ఆమె నవ్వి, మూడును సరియైనవే యని చెప్పినది. అణువులు విచ్ఛిన్నమగుట యొక వరుసలో జరుగదు. సుమారు 400 లెక్క వచ్చుచోట, ఆ సంఖ్యకు వర్గమూలమైన 20 పాటి యెచ్చుతగ్గులు స్వభావసిద్ధములు. మూడు మారులును సరిగా 400 వచ్చినదని ఎవడైన వ్రాసినచో వానినే అనుమానింపవలెను. ఈ మాట నా మనస్సులో పడి చాల దినములు కదలుచుండెను.

ఇక నూనెబొట్టు. ఇదియే నా ప్రసంగమునకు ప్రాణము.

విద్యుత్తు అనునది నీటివలె ఎడతెగని ప్రవాహమా, లేక ధాన్యమువలె గింజలు గింజలుగ నున్నదా యను ప్రశ్న పందొమ్మిదవ శతాబ్ది చివర పెద్ద ప్రశ్న. 1897లో జె. జె. థామ్సన్ ఎలక్ట్రానును కనుగొనినను, ఒక్క గింజ బరువెంత, ఒక్క గింజలోని విద్యుదావేశ మెంత యని విడివిడిగ తేలలేదు. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయమున రాబర్ట్ మిల్లికన్ అను నాచార్యుడు మొదట నీటితుంపరలతో ప్రయత్నించెను. నీటిబొట్టు చూచుచుండగనే ఆవిరియై తఱిగిపోవును. 1909లో హార్వీ ఫ్లెచర్ అను శిష్యునితో గలిసి, ఆవిరి కాని నూనెను వాడ మొదలిడెను. గడియారములకు వేయు నూనె వంటిది. ఆ యమరిక యిట్టిది: రెండు లోహపు పలకలను కొద్దిపాటి యెడముతో ఒకదానిపై నొకటి పడుకొనబెట్టుదురు. అత్తరు చల్లు బుడ్డి వంటి దానితో నూనెను చల్లినచో, తుంపరలలో ఏ రెండో మూడో పై పలకలోని సన్నని రంధ్రము గుండ లోనికి జాఱును. ప్రక్కనుండి దీపము వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో, చీకటిలో నక్షత్రములవలె మెఱయుచు క్రిందికి దిగుచుండును. ఈ బొట్టు మన తలవెండ్రుక మందములో సుమారు అఱువదవ వంతు. అర మిల్లీమీటరు దిగుటకు దానికి పదుమూడు పదునాలుగు సెకనులు పట్టును. తుంపర లేచునపు డొరపిడిచేత దానికి ఒకటి రెండు గింజల విద్యుత్తు అంటుకొని యుండును. పలకలకు కొన్ని వందల వోల్టులు తగిలించినచో దిగుచున్న నక్షత్రము నిలిచి, మఱల పైకెక్కును. మీట తీసిన దిగును; వేసిన నెక్కును. దిగు వేగమువలన బొట్టు పరిమాణము, ఎక్కు వేగమువలన దానిపై నున్న ఆవేశము తెలియును. బొట్టుపై బొట్టుగ కొలిచి చూచినచో ఆ యావేశములన్నియు ఒకే చిన్న మొత్తమునకు ఒక రెట్టు, రెండు రెట్లు, మూడు రెట్లుగ నుండునే గాని నడుమ నుండవు. ఆ చిన్న మొత్తమే ఎలక్ట్రాను ఆవేశము. కూలుంబులలో చెప్పవలెనన్న, దశాంశ బిందువు తరువాత 18 సున్నలు పెట్టి 16 వ్రాయవలెను. ఇన్ని సున్నలు ఆకాశవాణిలో చదువలేను గావున దానిని ఇకమీద 1.60 అని మాత్రమే చెప్పెదను.

ఇది వినుటకు సులభము. చేయుటకు కాదు. బొట్టును పట్టుకొని అఱగంట సేపు కన్ను తీయక చూడవలెను. చేతిలో స్టాప్‌వాచి. ఫ్యాను వేసినచో గాలికి బొట్టు ప్రక్కకు పోవును. వేయనిచో సముద్రపుటొడ్డు ఉక్కలో చెమట కన్నులలోనికి జాఱును. తుడుచుకొన్న క్షణమున బొట్టు మాయమగును. నాలుగు వారములలో ఆమె 60కి పైగా బొట్టులను పట్టి, చివఱవఱకు నిలుపుకొన్నవి 23. పోయిన బొట్టులను గూర్చియు చిత్తు పుస్తకములో వ్రాసినది: ఇది ప్రక్కకు జరిగినది, దీనిని చూచుచుండగా వోల్టులు తగ్గినవి, ఇది యెందుకు పోయినదో తెలియలేదు, అని. తప్పు వ్రాసిన అంకెపై ఒక్క గీత మాత్రము గీయును. క్రింద నున్న అంకె చదువ వీలుగ నుండవలెనట. మా పిల్లలు తప్పును సిరాతో కప్పి చంపుదురు. అట్లు కప్పుటయే శుభ్రత యని నేను నేర్పితిని.

23 బొట్టులకును గుణించి చూచినచో 1.85 వచ్చినది. నూటికి 15 పాళ్ళు హెచ్చు. తోడి విద్యార్థులలో ఒకనికి 1.60, ఒకనికి 1.61, ఒకామెకు 1.59. అధ్యాపకుడు ఆమె పుటపై ఎఱ్ఱసిరాతో ప్రశ్నార్థకము వేసి, మరల చేయుమని వ్రాసెను. గడువు ఐదు దినములు. ఆ ప్రయోగమునకు మార్కులు తక్కువయైనచో మొత్తము శ్రేణియే తగ్గును, దానిమీద నాధారపడిన పరిశోధక విద్యార్థి వేతనము పోవును. ఆ రాత్రి ఆమె అన్నము తినలేదు.

అప్పుడు నేనిచ్చిన సలహా యిది: "అమ్మాయీ, లోకమంతయు 1.60 అని యెఱిగిన సంఖ్యను నీవు క్రొత్తగ కనుగొనునది లేదు గదా. సాపు పుస్తకములో 1.61 అని వ్రాసి పంపుము. వెనుకనుండి గుణించుకొని రమ్ము. ఎవరికి నష్టము?" నా మేనకోడలు నా ముఖము కొంతసేపు చూచి, "మామయ్యా, తాటియాకులో లేని అక్షరమును మీరు వేయుదురా?" అని యడిగినది.

ఆ మాట నాకెక్కడ తగిలినదో మీకు తెలియవలెనన్న నా చదువు సంగతి కొంచెము చెప్పవలెను. నేను విద్యార్థిగ నుండినపుడు మా గురువుగారు ఒక ప్రబంధమునకు తాళపత్ర ప్రతులను సరిపోల్చుచుండిరి. నాలుగు ప్రతులు, నేను చదువుట, ఆయన గుర్తించుట. ఒక ప్రతిలో గణము చెడిన పాఠ మొకటి వచ్చినది. నేను తెలివికి పోయి, ఛందస్సు సరిపడునట్లు అక్షరము మార్చి చదివితిని. గురువుగారు గంటము క్రింద పెట్టి, ఆ దినమునకు నన్ను లేచిపొమ్మనిరి. తప్పు వ్రాసిన లేఖకునివలన గ్రంథమునకు కొంత చేటు. తెలిసి దిద్దిన లేఖకునివలన గొప్ప చేటు. ఏలయన, మొదటివాని తప్పు కనబడును, దానివెంట పోయి అసలు పాఠమును పట్టుకొనవచ్చును. రెండవవాడు దారి నూడ్చిపోవును. ఈ కథను మేనకోడలికి చిన్ననాట నేనే చెప్పితిని. ఆమె మఱచిపోలేదు, నేను మఱచితిని.

మఱునాడామె ప్రయోగశాలకు పోయి యంత్రపు పెట్టెలోని వేడి కొలుచు తీగను మొదటిమారు తగిలించి చూచినది. లోపల 32 డిగ్రీలు. ఆమె లెక్కలో వాడిన గాలి చిక్కదనపు విలువ 20 డిగ్రీలకు సంబంధించినది. శాలలో గోడకు అంటించిన సూచనాపత్రములో అదియే యున్నది. శాస్త్రజ్ఞులు దీనిని స్నిగ్ధత యందురు. నూనెకు వేడి తగిలినచో పలుచనగును. గాలి దీనికి విపరీతము, వేడి హెచ్చినకొలది చిక్కనగును. 20 డిగ్రీలకును 32 డిగ్రీలకును నూటికి మూడు పాళ్ళు భేదము. ఆ భేదము లెక్క చివర చేరునప్పటికి నూటికి అయిదు పాళ్ళగును. తప్పు దొరకినదని మేము సంతోషించితిమి. ఆమె సరిదిద్ది మరల గుణించినది. 1.85 కాస్త 1.94 ఆయెను.

అనగా, నిజమైన తప్పును దిద్దినందుకు ఫలితము మఱింత దూరముగ పోయినది. ఈ యొక్క సంగతి నాకు విశేషముగ తోచినది. జవాబునకు దగ్గఱగ పోవుటయే గుఱియైనవాడు ఈ దిద్దుబాటును మెల్లగ వెనుకకు తీసికొని, 20 డిగ్రీల సంఖ్యయే బాగున్నదని ఊరకుండెడివాడు. ఆమె 1.85 పై ఒక గీత గీసి, క్రింద 1.94 వ్రాసి, కారణము వ్రాసినది. మిగిలినవి మూడు దినములు.

మూడవ దినమున ఆమె బొట్టులను పరిమాణము వరుసను పేర్చినది. చిన్న బొట్టు లిచ్చిన విలువ 2.05 వఱకును ఉన్నది. పెద్ద బొట్టులది 1.82. చిన్నదైనకొలది హెచ్చు. గైగర్ గొట్టపు యెచ్చుతగ్గుల వలె ఇవి వరుస లేనివి కావు. ఒక మెట్లదారి వలె నున్నవి. వరుస కనబడినచోట కారణ ముండితీరును. మిల్లికన్ 1913లో ప్రకటించిన వ్యాసమును తీసి చూడగా అతనికిని అదియే సంభవించినది. బొట్టు గాలిలో దిగు వేగమునకు జార్జి స్టోక్స్ 1851లో చెప్పిన సూత్ర మొకటి గలదు. సూచనాపత్ర మంతయు ఆ సూత్రముపై నిలిచియున్నది. ఆ సూత్రము గాలిని ఎడములేని పదార్థముగ భావించును. కాని గాలి యెడములేనిది కాదు; అణువుల గుంపు. ఒక యణువు మఱియొక యణువును తాకులోపల, మీటరులో కోటి భాగములు చేసినచో ఒక భాగముకంటెను తక్కువ దూరము, పరుగెత్తును. గోలీకాయకు ఆ యెడము లెక్కలోనిది కాదు. మన బొట్టు వ్యాసార్ధమో, ఆ పరుగునకు ఎనిమిది తొమ్మిది రెట్లు మాత్రమే. కావున బొట్టు అణువుల నడుమనుండి కొంత జాఱిపోవును. సూత్రము చెప్పినదానికంటె వేగముగ దిగును. దీనికి సవరణ గలదు.

తర్కము చదివినవారికి ఈ యిబ్బంది క్రొత్తది కాదు. అన్నంభట్టు తర్కసంగ్రహమును వల్లించిన ప్రతి పిల్లవాడును దీనిని ఎఱుగును. పొగ యున్నచోట నిప్పుండునన్న సరియే. నిప్పున్నచోట పొగ యుండునన్న చెల్లదు. ఎఱ్ఱగ కాలిన యినుపగుండులో నిప్పు గలదు, పొగ లేదు. పొగకు తడికట్టె కావలెను. ఆ తడికట్టెకు ఉపాధి యని పేరు. అది చెప్పకుండ నిప్పును జూపి పొగను సాధించినవాని యనుమానము చెడును. స్టోక్స్ సూత్రమునకును ఇట్టి యుపాధి యున్నది. బొట్టు పెద్దదిగ నుండవలెను. గోడమీది కాగితము ఆ మాట చెప్పలేదు. నేను 40 ఏండ్ల క్రిందట చదివిన ఉపాధి శబ్దమునకు నిజమైన యుదాహరణమును అరువదేండ్లు దాటిన పిదప నూనెబొట్టులో చూచితిని. అంతకుముందు దానిని పరీక్షలో వ్రాసితిని గాని చూడలేదు.

సవరణ వేసి గుణించినచో చిన్నవి పెద్దవి యను భేదము పోయి 23 బొట్టులును ఒక దారికి వచ్చినవి. ఫలితము 1.62, అటు 0.05, ఇటు 0.05 తేడా యుండవచ్చునని ఆమె వ్రాసినది. ఇందులో మఱియొక చమత్కారము. సవరణ లేని ఆ సూచనాపత్రముతో, ఆ పాటి బొట్టులతో, యథార్థముగ చేసినవానికి 1.60 రానే రాదు. వచ్చినదని వ్రాసినవారి సాపు పుస్తకములలో నున్నది బొట్టు చెప్పినమాట కాదు. తరగతిలో ఎఱ్ఱసిరా పడినది నిజముగ కొలిచినదానికే. తోడివారిని నేను నిందింపను. వారికి నావంటి సలహాదారులు ఇంటింట నుందురు.

మిల్లికన్ గారి మాటకు వత్తము. ఆయనకును రెండు పుస్తకము లున్నవి. 1913 నాటి వ్యాసములో 58 బొట్టుల ఫలితములు ప్రకటించి, ఇవి ఏరి తీసినవి కావు, వరుసగ 60 దినములలో చూచిన బొట్టులన్నియు నివే యని వ్రాసెను. అది సాపు. ఆయన చిత్తు పుస్తకములు కాలిఫోర్నియాలో పాసడీనా యందు భద్రముగ నున్నవి. జెరాల్డ్ హోల్టన్ అను చరిత్రకారుడు వానిని పరిశీలించి 1978లో ప్రకటించిన వ్యాసమువలన లోకమునకు తెలిసిన దేమనగా, పుస్తకములలోని బొట్టులు 58 కంటె ఎన్నియో హెచ్చు. తరువాత లెక్కించినవారు 175 అనిరి. కొన్ని పుటల అంచున ఇది చక్కగ నున్నది, దీనిని ప్రకటింపవలెనను భావము గల మాటలును గలవు. దీనిపై పండితులలో వాదము నడచినది. యంత్రము కుదురుకొనక ముందటి బొట్టులను విడుచుట న్యాయమే యని కొందఱు. విడిచినవానిని చేర్చి గుణించినను ఫలితము పెద్దగ మాఱదని, అనిశ్చయము మాత్రము కొంత హెచ్చునని లెక్కకట్టి చూపినవారు గలరు. నా మట్టుకు నాకు విడుచుట తప్పుగ తోచదు; విడువలేదని చెప్పుటయే తప్పు. మేనకోడలు 23 బొట్టులను గైకొని తక్కినవి యెందుకు విడిచినదో వ్రాసినది గదా. శిష్యుడు ఫ్లెచర్ పేరు 1910 నాటి నూనెబొట్టు వ్యాసముపై లేకపోవుట మఱియొక కథ. ఆయన 1981లో గతించిన పిదప ప్రకటితమైన స్వీయకథనములో దానిని వివరించెను, గురువును దూషింపలేదు. మిల్లికన్‌నకు 1923లో నోబెల్ బహుమాన మిచ్చిరి.

అంతటి మిల్లికన్ సంఖ్యయు కొంచెము తక్కువ. నేటి లెక్కలో 1.592; నిజముగ నుండవలసినది 1.602. వేయింటికి ఆఱు పాళ్ళు. కారణము, ఆయన వాడిన గాలి స్నిగ్ధత విలువ సరికాకపోవుట! చికాగోలో అంతటివానిని తప్పించినదియే మా యూరి ప్రయోగశాలలో ఈ పిల్లకును అడ్డుపడినది. రిచర్డ్ ఫైన్‌మన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1974లో పట్టభద్రుల సభ నొకదానిలో మాటలాడుచు, తరువాతివారు సరియైన సంఖ్యకు ఒక్కమారుగ పోక మెట్టుమెట్టుగ ఎక్కిరని చెప్పెను. మిల్లికన్ సంఖ్యకు మిక్కిలి హెచ్చు వచ్చినవాడు తన లెక్కలో తప్పు వెదకికొనును. దగ్గఱగ వచ్చినవాడు వెదకడు. నేను ఆ రాత్రి ఇచ్చిన సలహా గొప్ప దేశములలో గొప్పవారికిని లోపలనుండి వినబడిన సలహాయే యని యూరట చెందవచ్చునో, సిగ్గుపడవలెనో తెలియదు.

2019 మే 20వ తేదీనుండి ఈ సంఖ్యను కొలుచుట యను ప్రశ్నయే పోయినది. 1.602176634 అని, దశాంశములతో సహా, లోకమునందలి శాస్త్రజ్ఞులు నిర్ణయించి, దాని ననుసరించియే విద్యుత్ కొలతలను ఏర్పఱచిరి. ఇక విద్యార్థి నూనెబొట్టులో కొలుచున దేమి? తన చేతిని, తన కంటిని, తన గది వేడిని, గోడమీది కాగితమును.

అధ్యాపకుని సంగతి చెప్పక విడుచుట ధర్మము కాదు. ఆమె తెచ్చిన పుటలను ఆయన నిలువుకాళ్ళపై ఒకగంట చదివి, ఏమియు ననక, మఱునాడు గోడమీది సూచనాపత్రమున సవరణను తన కలముతో ఒక పంక్తిగ చేర్చెను. మార్కులలో మాత్రము గడువు దాటినందుకు రెండు తగ్గించెను. వేతనము ఆ రెండు మార్కులచేత పోలేదు, పోయి యుండవచ్చును. తుదిపరీక్షలో ఆమెకు చీటీ తీయగా వచ్చినది నూనెబొట్టు కాదు, హాల్ ప్రయోగము. ఎవ్వరును ఆమెను ఆ 1.94 ను గూర్చి అడుగలేదు. ఎనిమిది ప్రయోగములును ముగిసిన దినమున ఇంటికి వచ్చి, పండ్రెండు గంటలు నిద్రపోయినది. లేచి, సాపు పుస్తకమును అటక మీద పెట్టి, చిత్తు పుస్తకమును తన పెట్టెలో పెట్టుకొన్నది. ఇప్పుడామె బెంగుళూరులో పరిశోధన చేయుచున్నది.

పోవుటకు ముందు ఒకనాడు మాటల సందర్భమున నేను నా సంగతి యొకటి చెప్పితిని. మా బడి ఆవరణలో వర్షమాపక మొకటి యుండెడిది. దినదినము ఉదయము 8.30 గంటలకు చూచి, ఎన్ని మిల్లీమీటరులు కురిసినదో పుస్తకమున వ్రాయవలెను. సైన్సు మాస్టరుగారు బదిలీ కాగా ఆ పని ఆఱేండ్లు నామీద పడినది. నేను ఊర లేని దినములు, మఱచిన దినములు ఉండెడివి. పుస్తకములో ఖాళీ యుండరాదని ఆ గడులలో సున్న చుట్టెడివాడను. మీమాంసకులు అనుపలబ్ధి యను ప్రమాణమును చెప్పుదురు. గదిలో కుండ లేదని తెలియుటకు కుండ కనబడకపోవుట ప్రమాణమే. కాని కుండ యున్నచో కనబడదగినంత వెలుతురు ఉండవలెను, చూచువా డుండవలెను. చూడనివానికి కనబడకపోవుట ప్రమాణము కాదు. ఇది నాకు కంఠస్థము. ఐనను సున్నలు చుట్టితిని.

ఆమె నవ్వలేదు. "ఆ పుస్తక మెక్కడ నున్నది, మామయ్యా?" అని యడిగినది.

గడచిన మాసమున ఆ బడికి పోయితిని. వర్షమాపకము లేదు, దాని దిమ్మె మాత్రము మిగిలినది. పుస్తకము గ్రంథాలయపు బీరువాలో అడుగున దొరకినది. మేనకోడలు పుట్టిన వారము నేను చెల్లెలి యూర నుంటిని. అది శ్రావణ మాసము. ఆ నాలుగు దినముల సున్నలు నావియని నిశ్చయముగ తెలియును. ప్రధానోపాధ్యాయుని అనుమతితో వానిపై ఒక్కొక్క గీత గీసి, ప్రక్కన "చూడలేదు" అని వ్రాసి, తేదీ వేసితిని. తక్కిన పుటలు తిరుగవేసి చూచితిని. సున్నలన్నియు నా చేతివియే, అన్నియు ఒక్క తీరుగ గుండ్రముగ నున్నవి. వానిలో వాన లేని సున్న లేవో, నేను లేని సున్న లేవో గుర్తుపట్టలేకపోతిని.